రిలీవర్ దొరికితేనే సీటు

పై చదువుకు దరఖాస్తు పెట్టాలంటే ఏమేం కావాలని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతుంటారు. మార్కులు, పరీక్ష స్కోరు, ఇద్దరు మాస్టార్ల సిఫార్సు, ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే ఒక పేజీ. ఇవన్నీ నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. నా దరఖాస్తుకు ఇవి కాక ఒక మనిషి కూడా కావలసి వచ్చాడు. నా కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకునే మనిషి. అతన్ని నేనే వెతికి తెచ్చుకోవాలి. ఆ సంగతి ఏ దరఖాస్తు ఫారంలోనూ రాసి ఉండదు కాబట్టి, ఇక్కడ రాస్తున్నాను.

అది 1982. నేను చిత్తూరులో విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుని. ఆరేళ్ళ సర్వీసు అని చెప్పుకోవడం అలవాటైంది గాని, సరిగ్గా చెప్పాలంటే ఐదేళ్ళ పది నెలలు. మా ఆఫీసులో ఇంజినీరు ఉద్యోగం చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని నన్ను లైన్ల మీదికి పంపకుండా రిలేల విభాగంలో వేశారు. ఆడపిల్లకు స్తంభాల దగ్గర పనెందుకు, గదిలో కూర్చుని చేసేది ఇస్తే సరిపోతుందని పెద్దల ఉద్దేశం. ఆ గది ఎక్కడుందో వాళ్ళు ఆలోచించినట్టు లేదు. జిల్లాలో ఎన్ని సబ్‌స్టేషన్లున్నాయో అన్ని గదులు. నెలలో సగానికి పైగా నేను జీపులోనే ఉండేదాన్ని.

రిలే అంటే కాపలా మనిషి లాంటి పెట్టె. లైను మీద చెట్టుకొమ్మ పడినా, తీగ తెగి నేలకు తగిలినా కనిపెట్టి, వెంటనే ఆ లైనును ఆపిస్తుంది. ఎంత కరెంటుకు కదలాలి, ఎంతసేపటికి కదలాలి అన్నది మనం ముందే లెక్కగట్టి బిగించి పెట్టాలి. అది తొందరపడితే ఊరికి ఊరికే కరెంటు పోతుంది. ఆలస్యం చేస్తే మనిషి పోతాడు. ఎక్కడైనా కొత్త లైను వేస్తే దాని చుట్టుపక్కల లెక్కలన్నీ మారిపోతాయి. ఆ లెక్కలు నేను స్లైడ్ రూలుతో, అంటే జరిపి లెక్క చూసుకునే స్కేలుతో, వేసేదాన్ని. ఒక్కో సబ్‌స్టేషనుకు మూడు వారాలు పట్టేది. మూడు వారాలయ్యేసరికి ఇంకో కొత్త లైను వేసేవాళ్ళు.

అవే లెక్కలు కంప్యూటరు మీద ఒక పూటలో తేలిపోతున్నాయని ఒక పత్రికలో చదివాను. సంతోషం కలగాలి గదా. ఐదేళ్ళుగా వేసిన లెక్కలన్నీ గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. మద్రాసులో ఒక పెద్ద ఇంజినీరింగు కాలేజీలో అందుకోసమే ఎం.టెక్. ఉందనీ, సగం విద్యుత్తు సగం కంప్యూటరు చెప్తారనీ, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు అందులో రెండు సీట్లు కేటాయించారనీ అదే పత్రికలో ఉంది. చేరేనాటికి ముప్పై ఏళ్ళు దాటకూడదు. వచ్చే మార్చికి నాకు ముప్పై నిండుతాయి. కాబట్టి ఆ ఏడు తప్పితే ఇక ఏ ఏడూ లేదు.

మా అమ్మ నాతోనే ఉండేది. ఆమెకు చెప్పాను.

"ముప్పై ఏండ్లకు మళ్ళీ బడికి పోతావా? పోయి ఏం నేర్సుకుంటావు?"

"లెక్కలు తొందరగా వేసేది."

"ఇప్పుడు వేసేవాటికే నీకు అన్నం తినే తీరిక లేదు. తొందరగా వేస్తావని తెలిస్తే ఇంకా నాలుగు ఎక్కువ ఇస్తారు" అంది. ఆమె మాట ఎంత నిజమో నాకు ఉద్యోగం ముగిసేదాకా తెలుస్తూనే ఉంది.

సిఫార్సు కోసం తిరుపతి వెళ్ళాను. కాలేజీలో నాకు పవర్ సిస్టమ్స్ చెప్పిన మాస్టారు అప్పటికింకా అక్కడే ఉన్నారు. వరండాలో స్టూలు వేసుకుని జవాబు పత్రాలు దిద్దుతున్నారు. విషయం చెప్పి, రెండు మంచి మాటలు రాయమన్నాను.

"మంచి మాటలెందుకమ్మా? ఇదేమన్నా పెండ్లి సంబంధమా, పిల్ల మంచిది, అణకువగా ఉంటుందని రాసేదానికి? నువ్వేం చేస్తాండావో చెప్పు. అది రాస్తా."

ఏ సబ్‌స్టేషనులో ఏ లెక్క వేశానో, ఎక్కడ తప్పిందో, ఎట్లా దిద్దుకున్నానో గంటసేపు చెప్పించుకుని, అదే రాశారు. పొగడ్త ఒక్క ముక్క లేదు. చివర్లో, "కంప్యూటరు సూసినావా?" అని అడిగారు.

"లేదు సార్."

"అట్లయితే సూడలేదనే రాయి. అందరూ సూసినామనే రాస్తారు. వాళ్ళు రెండో ప్రశ్న అడిగితే కండ్లు తేలేస్తారు." బీరువాలోంచి ప్రోగ్రాములు రాయడం నేర్పే ఒక పుస్తకం తీసిచ్చారు. దాన్ని నెలన్నర జీపులోనే చదివాను. కాగితం మీద ప్రోగ్రాములు రాసి, కంప్యూటరు చేసే పనంతా నేనే చేసి, జవాబు వచ్చిందో లేదో చూసుకునేదాన్ని. ఇప్పటి పిల్లలకు ఇది నవ్వులాటగా ఉండవచ్చు. ఈత పుస్తకం చదివి మంచం మీద చేతులాడించడం లాంటిదే అది. కాకపోతే ఒక్కో ప్రోగ్రాములో తప్పెక్కడుందో పట్టుకోవడం వచ్చింది.

ఉద్యోగంలో ఉన్నవాళ్ళ దరఖాస్తు నేరుగా పోకూడదు. మా పై అధికారి సంతకంతో, శాఖకు అభ్యంతరం లేదన్న కాగితంతో పోవాలి. ఆలస్యమైతే చిక్కని ముందుగా ఒక నకలు కాలేజీకి పంపించుకోవచ్చు. నకలు పంపాను. అసలు దరఖాస్తు మా పెద్దసారు బల్ల మీదికి వెళ్ళింది. పెద్దసారంటే చిత్తూరు మొత్తానికి సూపరింటెండింగ్ ఇంజినీరు. ఏ పనికీ కాదనే మనిషి కాదు. ఏ ఫైలు మీదైనా ఎర్రసిరాతో "మాట్లాడండి" అని రాసి తిప్పి పంపేవారు. ఎవరు మాట్లాడాలి, ఏం మాట్లాడాలి అన్నది ఉండదు. మాట్లాడడానికి వెళితే వేరే సంగతులు మాట్లాడేవారు.

మొదటిసారి వెళ్ళాను.

"రామ్మా. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోళ్ళు వోల్టేజి లేదని సంపుతాండారు. ఏం సేద్దామంటావు?" గంటసేపు వోల్టేజి. నా దరఖాస్తు ఆయన మోచేతి కిందే ఉంది. రెండోసారి వెళితే తన మేనకోడలి పెళ్ళి సంగతి. మూడోసారికి నేనే ముందు నోరు తెరిచాను.

"సార్, నా దరఖాస్తు. మీరు మాట్లాడమని రాసినారు. మాట్లాడతాండాను."

ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. "నీకు సీటు వస్తుందంటావా?"

"తెలీదు సార్."

"రానిదానికి నేనెందుకమ్మా అడ్డం పడేది?" అని సంతకం పెట్టేశారు. రాదన్న ధైర్యంతోనే పెట్టారు.

జూన్ చివర్లో మద్రాసులో ఇంటర్వ్యూ. ఒక రోజు సెలవు పెట్టి తెల్లవారుజాము బస్సుకు వెళ్ళాను. బల్లకు అవతల నలుగురు ప్రొఫెసర్లు. వయసెంత, ఇన్నేళ్ళ తర్వాత చదువు మీదికి మనసెందుకు మళ్ళింది అన్నవి అయ్యాక, ఒక పెద్దాయన, "కంప్యూటరు చూడలేదని రాశారు. నిజమేనా?" అన్నాడు.

"నిజమే సార్."

"మరి మా కంప్యూటరుతో ఏం చేయిస్తారు?"

నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, చిత్తూరు చుట్టూ ఉన్న లైన్లు గీసి, ఒకచోట తీగ తెగితే ఎంత కరెంటు పారుతుందో లెక్క ఎక్కడ మొదలుపెడతానో, ఏ జవాబు వచ్చేదాకా ఎన్నిసార్లు తిప్పి వేస్తానో వరసగా రాశాను. స్లైడ్ రూలుతో నేను రోజూ చేసేదే. ఆయన మధ్యలో ఆపి, "ఇక్కడ జవాబు ఎప్పటికీ దగ్గరికి రాకపోతే? మీ ప్రోగ్రాము తిరుగుతూనే ఉంటుంది గదా?" అన్నాడు.

"నాకు రాకపోతే నేను భోజనానికి పోతాను సార్. దానికి ఆ మాట మనమే చెప్పాలి" అన్నాను. నవ్వారు. నవ్వించాలని అన్నది కాదు. ఇన్ని మాట్లు తిప్పినా రాకపోతే ఆగమని ఒక వరస రాయాలి, అదే చెప్పాను.

జులై రెండో వారంలో సీటు వచ్చిందని కబురు. ఆగస్టు 2, సోమవారం నాడు, నన్ను ఉద్యోగం నుంచి విడిచిపెట్టినట్టు రిలీవింగ్ ఆర్డరుతో సహా చేరాలి. ఆ రోజు చేరకపోతే సీటు వరసలో తర్వాతి మనిషికి పోతుంది.

ఆ కాగితం పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనబడింది. దాన్ని దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"వచ్చిందా! మంచిదమ్మా, సంతోషం. పో. ఎవరు కాదంటారు? రిలీవరు ఎవరు?"

ఇది మా శాఖలో రాయని చట్టం. ఒక సీటులోంచి ఎవరు కదలాలన్నా, ఆ సీటులోకి ఇంకొకరు రావాలి. ఆ ఇంకొకర్ని శాఖే పంపాలి నిజానికి. శాఖ పంపేటప్పటికి ఏడాది తిరిగిపోతుంది కాబట్టి, పోవాలనుకునేవాళ్ళే తమకు బదులు మనిషిని వెతుక్కుని, ఒప్పించి, చెయ్యి పట్టుకుని తెచ్చి నిలబెట్టేవాళ్ళు. అట్లా దొరక్క బదిలీలు పోగొట్టుకున్నవాళ్ళు మా ఆఫీసులో చాలామంది ఉండేవాళ్ళు. రిలేల విభాగానికైతే ఎవరూ రారు. పని బాగా నడిచినంతకాలం మనమున్నట్టే ఎవరికీ తెలీదు. ఒకసారి తప్పితే జిల్లా అంతా మన పేరే.

"మామిడి కాలం జరుగుతాండాది" అన్నారు పెద్దసారు. "నీ సీటు కాళీ పెట్టుకోని నేనేం సేసేది? ఎవరినన్నా తీసకరా, ఆ పొద్దే రిలీవ్ సేస్తా."

మొదట పలమనేరు వెళ్ళాను. అక్కడి ఇంజినీరు నా కన్నా ఏడాది సీనియరు. నాలుగు ఆవుల్ని పెట్టుకుని, ఉద్యోగం కన్నా వాటినే శ్రద్ధగా చూసుకునేవాడు. నేను వెళ్ళేటప్పటికి పాలు పిండిస్తున్నాడు. లోటా నిండా కాచిన పాలిప్పించి, వచ్చిన పని అడిగాడు. చెప్పాను.

"చిత్తూరుకా? నన్నా? ఏమ్మా, నేను నీకేం ద్రోహం సేసినాను?"

"పట్నం గదా సార్. పిల్లలకు మంచి బడులుంటాయి."

"పాలెట్ల ఉండాయి?"

"బాగుండాయి."

"ఈ గాలి ఎట్ల ఉండాది?"

"చల్లగా ఉండాది."

"ఇట్లాంటి పాలూ, ఈ గాలీ మీ చిత్తూరులో ఉండాయా? లేవు గదా. మరి నన్ను ఆడికెందుకు రమ్మంటావు? ఇంకో లోటా తాగిపో, బస్సుకు టైముండాది."

రెండో లోటా తాగే వచ్చాను. ఆ వారంలో ఇంకో ముగ్గుర్ని అడిగాను. ఒకాయన రిలేలంటే భయమన్నాడు. ఒకాయన ఆలోచించి చెప్తానని ఊరు విడిచి పోయాడు. మూడో ఆయన, "నీకు పెండ్లి సంబంధం సూడమంటే సూస్తా గానీ రిలీవర్ని మాత్రం నా వల్ల కాదు" అన్నాడు.

జులై 18, ఆదివారం పొద్దున మా ఇంటి ముందు ఒక మనిషి సైకిలు దిగాడు. మా శాఖలో అందరూ భాయ్ అని పిలిచే ఇంజినీరు. చిత్తూరు టౌనులో పుట్టి పెరిగినవాడు. వాళ్ళ నాయన బజారువీధిలో రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. భార్య ఉర్దూ బడిలో టీచరు. ఆమె, ఇద్దరు పిల్లలు ఇక్కడ. ఇతను తంబళ్ళపల్లెలో. ఆ ఊరు జిల్లాకు ఆ చివర. వారానికొకసారి వచ్చి పిల్లల ముఖం చూసి పోయేవాడు.

"మేడం, మనిషిని వెతుకుతాండారంట. పలమనేరుకు కూడా పోయినారంట."

"పోయినాను."

"నన్నెందుకు అడగలేదు?"

ఎందుకు అడగలేదో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నాలుగేళ్ళ కిందట అతను రిలేల పనిలోనే ఉండేవాడు. తిరుపతిలో ఉత్సవాల రోజు ఒక రిలేను పరీక్షించాడు. పరీక్షకు ముందు ట్రిప్ లింకు అని ఒక చిన్న ఇత్తడి ముక్కను తీసి పక్కన పెట్టాలి. అది తీస్తే రిలే కదిలినా లైను ఆగదు. అతను తీయడం మరిచాడు. రిలే కదిలింది, లైను ఆగింది, ఊరేగింపు దారిలో సగం వీధుల్లో దీపాలు పోయాయి. ఆ సాయంత్రం పెద్దసారుకు ఎవరెవరు ఫోను చేసి ఏమేమన్నారో ఆయన నాలుగేళ్ళ తర్వాత కూడా వరసగా చెప్పేవారు. భాయ్‌ని తంబళ్ళపల్లెకు పంపింది అందుకే.

"ఆ పొద్దు తప్పు నాదే" అన్నాడు భాయ్. "కానీ మేడం, రిలే పని నాకు చేతగాదని మీరు కూడా అనుకుంటాండారా?"

"అనుకోవడం లేదు. పెద్దసారు ఒప్పుకోరని అడగలేదు."

"అడగందే ఎట్ల తెలుస్తుంది? నా చిన్నపిల్ల నన్ను సూసి ఎవరో సుట్టం వచ్చినాడని తలుపు చాటుకు పోతాండాది. అడగండి."

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. పెద్దసారు అతన్ని చూసి, నన్ను చూసి, "వీడా? ఉత్సవం పొద్దు దేవుణ్ణి చీకట్లో నిలబెట్టినోడా?" అన్నారు.

"దేవుడు ఏమీ అనలేదు సార్" అన్నాడు భాయ్ మెల్లిగా.

"దేవుడెందుకంటాడు? అన్నోళ్ళంతా నన్నే గదా అన్నింది!"

తంబళ్ళపల్లె పని కొన్నాళ్ళు పక్క ఊరి ఇంజినీరు చూసుకోవచ్చని తేలాక, ఇంకా చాలాసేపు అటూ ఇటూ అయ్యి ఒక షరతు పెట్టారు. పది రోజులు నేను అతనికి పనంతా మళ్ళీ చూపించాలి. తర్వాత ఒక రిలేను అతనొక్కడే నడుస్తున్న లైను మీద, పెద్దసారు ఎదుట పరీక్షించాలి. నేను పక్కన నిలబడవచ్చు. మాట్లాడకూడదు.

"నువ్వు నోరు తెరిచినావంటే వానికి పని రాదని లెక్క. సరేనా?"

సరేనన్నాం. పది రోజులూ అతను కూర్చుని అన్నం తిన్నది నేను చూడలేదు. జీపులోనే రొట్టె తినేవాడు. పని అతనికి మరుపు రాలేదు. చేతులకు తెలుసు. ఒక్క ట్రిప్ లింకు దగ్గర మాత్రం వదిలేవాడు కాదు. తీసేవాడు, జేబులో వేసుకునేవాడు, రెండడుగులు పోయి మళ్ళీ వచ్చి, తీసిన చోటు వేలితో తడిమి చూసేవాడు. జాగ్రత్త గదా, మంచిదే అనుకున్నాను.

జులై 29, గురువారం. పూతలపట్టు దారిలో, టౌను దాటినాక ఉన్న సబ్‌స్టేషను. పరీక్షకు పెద్దసారు ఎంచిన లైను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకూ, చిత్తూరులో చివరి నాలుగు వీధులకూ వెళ్ళేది. మా ఇల్లు కూడా ఆ వీధుల్లోనే. ఫ్యాక్టరీల ముందు లారీల్లో కాయ నిలబడి ఉంది. గంటసేపు లైను ఆగితే గుజ్జంతా పులిసిపోతుంది. అందుకే ఆ లైనును ఎంచారు.

తొమ్మిదిన్నరకు మొదలైంది. కంట్రోల్ రూములో పెద్దసారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. భాయ్ రిలే ప్యానెలు ముందు. నేను అతని వెనక, గోడకు ఆనుకుని. భాయ్ ట్రిప్ లింకు తీశాడు. జేబులో వేసుకున్నాడు. తడిమి చూశాడు. మళ్ళీ చూశాడు. అప్పుడే పక్కగదిలో ఫోను మోగింది. ఫ్యాక్టరీ యజమాని, పెద్దసారు కోసం. ఆయన విసుక్కుంటూ లేచి వెళ్ళారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లైనులో వందల ఆంపియర్లు పారుతుంటే, అంత కరెంటును రిలేకు నేరుగా ఇవ్వలేం. సీటీ అనే పరికరం దాన్ని చిన్నది చేసి రిలేకు చూపిస్తుంది. లైను నడుస్తున్నప్పుడు ఆ సీటీ తీగను విప్పకూడదు. విప్పితే విడిపోయిన కొనల మధ్య వేల వోల్టులు పుడతాయి. పరీక్షకు రిలేను విడదీయాలంటే ముందు ఆ కొనల్ని రాగి ముక్కతో కలిపి బిగించి, తర్వాతే విప్పాలి. అట్లా కలపడాన్నే షార్టింగు అంటాం. మొదటి వారంలో నేర్చుకునే పాఠం ఇది. పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు దీన్ని మరిచి చచ్చిపోయిన సంగతులు మేమందరం విన్నవే.

భాయ్ మూడోసారి ట్రిప్ లింకు చోటు తడిమి, తృప్తి పడి, స్క్రూడ్రైవరు తీసుకుని నేరుగా సీటీ తీగ మీద పెట్టాడు. రాగి ముక్కలు బల్ల మీదే ఉన్నాయి. నాలుగేళ్ళ నుంచి అతని మనసంతా ఒక్క లింకు మీదే ఉంది. అది సరిగ్గా ఉందని తేలగానే, ఇక అన్నీ సరిగ్గానే ఉన్నాయని చేతికి అనిపించినట్టుంది. స్క్రూ ఒక చుట్టు తిరిగింది.

నేను ఆలోచించానని చెప్పుకుంటే అబద్ధం. "భాయ్! ఆగండి!" అని నా గొంతు నాకే వినిపించింది.

ఆగాడు. స్క్రూడ్రైవరు అట్లాగే ఉంది. బల్ల మీది రాగి ముక్కల వంక చూశాడు. స్క్రూను వెనక్కి తిప్పి బిగించాడు. తర్వాత చేతులు రెండూ వెనక్కి తీసుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు.

పక్కగదిలో పెద్దసారు ఇంకా ఫోనులో అరుస్తున్నారు. ఆయన నా మాట వినలేదు. మా ఇద్దరికీ అది ఒకేసారి అర్థమైంది. ఇప్పుడు రాగి ముక్కలు బిగించి మిగతా పని చేసేస్తే చాలు. సోమవారం నేను మద్రాసులో ఉంటాను. అతను పిల్లల దగ్గరుంటాడు. నేను నోరు తెరిచినట్టు ఇంకెవరికీ తెలీదు. నేను చెప్పాలా, చెప్పకూడదా? చెప్పకపోతే, నేను లేని ఇంకో రోజు ఇదే చెయ్యి ఇదే స్క్రూ మీద పడితే?

పెద్దసారు తిరిగొచ్చి కూర్చున్నారు. "ఊ, యాడిదాకా వచ్చింది?"

నేను గొంతు సవరించుకున్నాను. నాకన్నా ముందే భాయ్ మాట్లాడాడు.

"సార్, షార్టింగు మరిచి సీటీ స్క్రూ విప్పబోతిని. మేడం అరిసింది. అరవకపోతే నేనుండను."

పెద్దసారు నా వైపు చూశారు.

"అరిసినావా?"

"అరిచినాను సార్."

"ఎంత విప్పినావురా?"

"ఒక సుట్టు సార్. మళ్ళీ బిగించినాను."

ఆయన లేచి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, స్వయంగా ఆ స్క్రూను బిగించి చూశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ట్రిప్ లింకు తీసినావా?" అని అడిగారు.

"తీసినాను సార్. జేబులో ఉండాది."

"నా పాపమే" అన్నారు. "నాలుగేండ్లు ఆ లింకు, ఆ లింకు అని నీ సెవిలో ఊదితే నీకు ఇంకేం కనపడుతుంది!" మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. "మొదట్నుంచీ చెయ్. ఈసారి ఏం సేస్తాండావో పైకి చెప్పుకుంటా చెయ్. మేడం బయటుంటుంది."

"సార్, నేను..."

"బయటమ్మా!"

బయటికొచ్చాను. యార్డులో ట్రాన్స్‌ఫార్మరు రోజూ వచ్చే చప్పుడే చేస్తోంది. తలుపు వేసేశారు. భాయ్ గొంతు లోపల్నుంచి వినబడుతోంది గాని మాటలు తెలియడం లేదు. భాయ్ తంబళ్ళపల్లెకు పోయిన ఈ నాలుగేళ్ళలో జిల్లాలో ఏ రిలే విప్పినా నా కళ్ళ ముందే విప్పారు. ఇప్పుడు దీన్ని మాత్రం చూడలేకపోయాను. నీళ్ళ తొట్టి పక్కన మెట్టు మీద కూర్చుని, ఒకటి విప్పాడు, రెండు కలిపాడు అని నాలో నేనే అతని పని చేసుకుంటూ పోయాను. రెండుసార్లు నా లెక్క ప్రకారం పరీక్ష ముగిసిపోయింది. తలుపు తెరుచుకోలేదు.

చివరికి పెద్దసారొక్కరే బయటికి వచ్చారు. చేతిలో కాగితం. నాకిచ్చారు. ఈ తేదీ మధ్యాహ్నం నుంచి నన్ను విడిచిపెట్టినట్టు, నా పనులన్నీ భాయ్‌కి అప్పగించినట్టు. ఆయన దాన్ని పొద్దున్నే టైపు చేయించి తెచ్చుకున్నారని అప్పుడు తెలిసింది. సంతకం ఒక్కటే కొత్తది.

"బాగా సేసినాడు" అన్నారు. "నోటితో చెప్పుకుంటా సేస్తే తప్పు పోదు. ఇకమీదట అట్లనే సెయ్యమన్నా."

నేను ఆయనకు నమస్కారం పెట్టి, లోపలికి అడుగేశాను. పరీక్ష అయ్యాక ట్రిప్ లింకు మళ్ళీ దాని చోట పెట్టాలి. పెట్టకపోతే లైనుకు కాపలా ఉండదు. అతను దాన్ని జేబులో వేసుకునే మనిషి. ఒకసారి చూసి వస్తే...

పెద్దసారు తలుపుకు అడ్డం నిలబడ్డారు. "యాడికి?"

"లింకు పెట్టినాడా లేదా సూసి వస్తాను సార్."

"నీకెందుకమ్మా? మధ్యాహ్నం నుంచి నువ్వు రిలీవ్ అయినావు. బయటోళ్ళు లోపలికి రాకూడదు."

"మధ్యాహ్నం ఇంకా కాలేదు సార్. పదకొండున్నరే."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అయితే ఆ అరగంటా ఈ మెట్టు మీద కూసోని జీతం తీసుకో. లోపలికి మాత్రం పోవద్దు."

కూర్చున్నాను. కొంతసేపటికి భాయ్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. నా ఎదురుగా నిలబడి, "మేడం, జీపులో నీళ్ళుండాయా?" అన్నాడు. నా కళ్ళు అతని జేబు మీదే ఉన్నాయి. లింకు పెట్టారా అన్న మాట నాలుక దాకా వచ్చింది. అడిగితే అతను నొచ్చుకుంటాడని కాదు. ఆ మాట అతని చెవిలో ఇంకొకసారి పడకూడదు. "ఉండాయి, తాగండి" అన్నాను.

ఆగస్టు 2న చేరాను. కంప్యూటరును మొదటిసారి చూసింది ఆ వారంలోనే. ఒక పెద్ద గది నిండా ఉంది, లోపల చలి. మొదట్లో రాత్రుళ్ళు నాకు గుర్తొచ్చింది ఆ యంత్రం కాదు. ఆ లింకే. అతను దాన్ని తిరిగి పెట్టి ఉండకపోతే, తీగ మీద ఏం పడినా ఆ లైను ఆగదు.

పదిహేను రోజులకు చిత్తూరు వచ్చాను. అమ్మ పళ్ళెం పెట్టి, అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టింది.

"నువ్వు పొయ్యిన వారానికే కరెంటు పాయ. గాలీ వానా వచ్చి ఫ్యాక్టరీ కాడ మామిడి కొమ్మ విరిగి తీగల మీద పడిందంట. పడిందో లేదో ఠక్కున పోయింది. రెండు గంటలు రాలా."

చేయి కంచంలోనే ఆగింది. "పడిన వెంటనే పోయిందా?"

"పక్కింటాయన కండ్లారా సూసినాడంట. కొమ్మ తీగకు తగిలిన గడియలోనే పోయిందంటాడు. మీ ఆఫీసోళ్ళను తిట్టని మనిషి లేడు ఈ వీధిలో."

నేను నవ్వుతున్నాను. ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"ఏందే అది?" అంది అమ్మ గరిటె ఎత్తి పట్టుకుని. "ఫ్యాను లేక వీధంతా సస్తాంటే నీకు నవ్వెట్ల వస్తాండాది?"